ఊరి పొయ్యి, గొలుసు అంగడి

తాతకు దగ్గులు నేర్పడమనే సామెత మనకందరికీ తెలిసినదే. 2015వ సంవత్సరం అక్టోబరు నెలలో, ఇటలీ దేశంలోని మిలాన్ నగరంలో, డామినోస్ అనే అమెరికన్ కంపెనీ పేరుతో మొట్టమొదటి పిజ్జా దుకాణం తెరచారని విన్నప్పుడు ఆ సామెత గుర్తుకు రాక మానదు. పిజ్జా పుట్టినిల్లు ఇటలీ. వీధికొక పిజ్జా అంగడి వున్న దేశమది. అట్టి చోట 880 దుకాణాలు తెరవాలని ఆ వ్యాపారాన్ని చేపట్టినవారు సంకల్పించుకున్నారు. 2020 ఆఖరుకు వారి దుకాణాలు 29 మాత్రమే. ఏడేళ్ళు నిండకముందే, 2022 వేసవిలో, అవి కూడా మూతపడినవి.

ఈ కథ విని నవ్వుకొని ఊరుకోవచ్చును. కాని అదే కంపెనీ పేరుతో ఈనాడు మన భారతదేశంలో 2,000కు పైగా దుకాణాలు నడుస్తున్నవి. ఇటలీలో వేళ్ళూనలేని చెట్టు ఇక్కడ ఇంతగా ఎట్లా పెరిగినది? ఊరివారు నడుపుకొనే చిన్న పిజ్జా అంగడికీ, దేశదేశాల శాఖలున్న గొలుసు అంగడికీ అసలు భేదమేమిటి? రుచిలోనా, ధరలోనా, మరి దేనిలోనైనా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకితే అది పిజ్జాతోనే ఆగదు. మన వీధి చివరనున్న ఫలహారశాలను గురించి కూడా కొంత ఆలోచించవలసి వస్తుంది.

ముందుగా ఆ వంటకం సంగతి చూద్దాం. పిజ్జా మొదట బీదవారి తిండి. దక్షిణ ఇటలీలోని నేపుల్సు రేవు పట్టణంలో కూలినాలి చేసుకొనేవారు వీధిలో కొనుక్కొని తినే రొట్టె అది. పిండి, నీరు, ఉప్పు, ఈస్టు కలిపి మర్దించి, పొంగనిచ్చి, చేతితో పలుచగా సాగదీసి, పైన టమాటా గుజ్జు, వెల్లుల్లి, నూనె వేసి కాలుస్తారు. కలిగినప్పుడు మొజరెల్లా అనే చీజు చేరుస్తారు. 1889లో ఇటలీ రాణి మార్గెరీటా నేపుల్సు వచ్చినప్పుడు ఆమె కోసం చేసినందువల్ల ఒక పిజ్జాకు ఆమె పేరు వచ్చినదని చెప్పుకుంటారు. చరిత్రకారులలో కొందరు ఈ కథను సందేహిస్తారు. 1870 నాటి నుండి నడుస్తున్నదని చెప్పే మికేలే పిజ్జా దుకాణం మాత్రం నేటికీ ఆ నగరంలో వున్నది. బహుకాలం రెండే రెండు రకాల పిజ్జాలతో ఆ దుకాణం పేరు నిలుపుకొన్నది.

నేపుల్సు పద్ధతిలో పిజ్జాను గుమ్మటం వంటి ఇటుకల పొయ్యిలో కట్టెల మంటతో కాలుస్తారు. ఆ పొయ్యి లోపలి వేడి 485 డిగ్రీల సెంటిగ్రేడు వరకు ఉంటుంది. పిజ్జా లోపలికి వెళ్ళి కాలి బయటికి రావడానికి పట్టే సమయం 60 నుండి 90 సెకండ్లు. అంత తక్కువ వ్యవధిలో రొట్టె అంచు పొంగి, అక్కడక్కడ నల్లని మచ్చలు పడి, నడుమ మెత్తగా ఉండాలి. పది సెకండ్లు ఏమరితే మాడిపోతుంది. అందువల్ల పొయ్యి వద్ద నిలుచున్న మనిషి కన్ను, చేయి రెండూ నిముషం కూడా అక్కడి నుండి కదలరాదు.

అంతకంటె కష్టమైన పని పిండి దగ్గర వున్నది. ఈ విషయం మన గృహిణులకు వేరే చెప్పనక్కరలేదు. వేసవిలో రాత్రి రుబ్బిపెట్టిన ఇడ్లీపిండి తెల్లవారేసరికి పొంగి గిన్నె దాటుతుంది. పుష్యమాసపు చలిలో పొద్దెక్కినా పులియదు. నీళ్ళెంత పోయవలెనో, గిన్నె ఎక్కడ పెట్టవలెనో ఇల్లాలికి పుస్తకం చూచి తెలియదు. ఏళ్ళ తరబడి చేసి తెలుసుకొన్నది. పిజ్జా పిండి కూడా అట్టిదే. గంటల తరబడి పొంగవలసిన పిండి అది. గాలిలోని తేమ, నాటి వేడి, గోధుమపిండి స్వభావం మారినప్పుడల్లా మోతాదు మార్చాలి. నేపుల్సులో ఈ విద్యను నేర్చినవారిని పిజ్జయోలో అంటారు. తండ్రి వద్ద కొడుకు, గురువు వద్ద శిష్యుడు సంవత్సరాలపాటు నేర్చుకొనే విద్య ఇది. 2010లో ఐరోపా కూటమి నేపుల్సు పిజ్జాను సంప్రదాయ వంటకంగా నమోదు చేసినది. 2017లో యునెస్కో సంస్థ ఈ కళను మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చినది. గమనించండి, యునెస్కో గౌరవించినది రొట్టెను కాదు. దానిని చేసే చేతిని.

ఈ చేయి వలసబాట పట్టి అమెరికా చేరినది. పంతొమ్మిదవ శతాబ్దం చివర, ఇరవయ్యవ శతాబ్దం మొదట దక్షిణ ఇటలీ నుండి లక్షలమంది బతుకుతెరువు కోసం అమెరికాకు తరలివెళ్ళారు. న్యూయార్కు నగరంలోని స్ప్రింగ్ వీధిలో లొంబార్డి దుకాణం 1905 నాటిదిగా చెప్పుకుంటారు. కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్ పట్టణంలో ఫ్రాంక్ పెపె అనే వలసదారుడు 1925లో పిజ్జా దుకాణం పెట్టాడు. అక్కడ కట్టెలకు బదులు బొగ్గు వాడారు. పొయ్యి మారినది, రొట్టె కూడా మారినది: పలుచగా, కరకరలాడుతూ, అంచులు నల్లబడి ఉంటుంది. ఆ పట్టణంవారు దానిని పిజ్జా అనరు. తమ పూర్వుల యాసలో ‘అబీట్స్’ అంటారు. చికాగోలో మరొక తీరు, డెట్రాయిట్‌లో ఇంకొక తీరు ఏర్పడినవి. ఊరికొక రుచి, పేటకొక పేరు. స్థానికమంటే అర్థం ఇదే: ఆ ఊరి ఇంధనం, ఆ ఊరి నీరు, ఆ ఊరి జనం కలిసి రొట్టెను దిద్దడం.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత పిజ్జా ఇటాలియన్ పేటలు దాటి అమెరికా దేశమంతటా వ్యాపించినది. అప్పుడు గొలుసు అంగళ్ళు పుట్టినవి. 1958లో కాన్సాస్ రాష్ట్రంలోని విచిటా పట్టణంలో డాన్ కార్నీ, ఫ్రాంక్ కార్నీ అనే సోదరులు తమ తల్లి వద్ద 600 డాలర్లు అప్పు తీసుకొని పిజ్జా హట్ ప్రారంభించారు. అప్పటికి వారు విద్యార్థులు. 1959లో మిచిగన్ రాష్ట్రంలో మైక్ ఇలిచ్, మరియన్ ఇలిచ్ అనే దంపతులు లిటిల్ సీజర్స్ స్థాపించారు. 1960లో అదే రాష్ట్రంలోని ఇప్సిలాంటి పట్టణంలో టామ్ మోనగన్, జేమ్స్ మోనగన్ అనే సోదరులు ఒక చిన్న పిజ్జా దుకాణం కొన్నారు. కొద్దికాలానికే జేమ్స్ ఒక పాత వోక్స్‌వాగన్ కారు తీసుకొని తన వాటా వదలుకొన్నాడు. 1965లో ఆ దుకాణాలకు డామినోస్ అని పేరు పెట్టారు. అప్పటికి దుకాణాలు మూడు. ఆ కంపెనీ చిహ్నంలోని మూడు చుక్కలు ఆ మూడింటికి గుర్తు.

ఈ మువ్వురిలో ఎవరికీ పిజ్జా తాతల నాటి విద్య కాదు. చేతికి వారసత్వంగా రాని విద్యను వారు పద్ధతితో పూరించవలసి వచ్చినది. గొలుసు అంగడి రహస్యమంతా ఇందులోనే వున్నది. నేర్చిన మనిషి ఒక్కడే ఉంటాడు, ఒక్కచోటనే ఉంటాడు. పద్ధతిని కాగితం మీద వ్రాస్తే వేయిచోట్లకు పంపవచ్చును. అందుచేత వారు విద్యను మనిషి చేతి నుండి తీసి యంత్రంలోను, కొలతలోను, నిబంధనల పుస్తకంలోను పెట్టారు.

అది ఎట్లా జరుగుతుందో చూద్దాం. అమెరికాలో డామినోస్ దుకాణంలో పిండి కలపడం అనే ప్రసక్తి సాధారణంగా ఉండదు. కంపెనీకి దేశంలో అక్కడక్కడ పెద్ద సరఫరా కేంద్రాలున్నవి. పిండి అక్కడ కలిపి, ముద్దలు చేసి, చల్లని లారీలలో దుకాణాలకు పంపుతారు. టమాటా గుజ్జు, చీజు కూడా అక్కడి నుండే వస్తవి. దుకాణంలోని కుర్రవాడు ముద్దను సాగదీసి, కొలత ప్రకారం పైన వేయవలసినవి వేసి, కదిలే పట్టీ మీద పెడతాడు. ఆ పట్టీ దానిని పొయ్యిలోనికి తీసుకొనిపోతుంది. లోపల పైనుండి, కిందినుండి వేడిగాలి రొట్టె మీదికి బలంగా కొడుతుంది. కొద్ది నిముషాల తరువాత అవతలి వైపు కాలిన పిజ్జా బయటికి వస్తుంది. కన్నార్పకుండా చూస్తూ నిలుచొనే మనిషితో ఇక్కడ పని లేదు. పట్టీ వేగమే అతని కన్ను.

దీనిని తక్కువచేసి చూడనక్కరలేదు. 90కి పైగా దేశాలలో 20,000కు పైగా దుకాణాలలో ఇంచుమించు ఒకే రకమైన పిజ్జా ఇవ్వగలగడం సామాన్యమైన విషయం కాదు. రాత్రివేళ ఎరుగని ఊరిలో బస్సు దిగిన ప్రయాణికునికి, అలసి ఇల్లు చేరిన ఉద్యోగినికి, పరీక్షలకు చదువుకొనే విద్యార్థికి కావలసినది అపూర్వమైన రుచి కాదు, మోసపోననే ధైర్యం. గొలుసు అంగడి అమ్మేది ఈ ధైర్యాన్నే. పిజ్జా దానికి వాహనం మాత్రమే.

ఈ నిశ్చయాన్ని కాలానికి కూడా వర్తింపజేయబోయి ఆ కంపెనీ ఒకసారి దెబ్బ తిన్నది. 30 నిముషాలలో ఇంటికి పిజ్జా చేర్చుతామని డామినోస్ అమెరికాలో హామీ ఇస్తూ వచ్చినది. గడియారంతో పందెం వేస్తే బండి నడిపేవాడు ఏమవుతాడు? ఎదుట వచ్చేవారు ఏమవుతారు? 1989లో సెయింట్ లూయీ నగరంలో పిజ్జా చేరవేసే కారు ఎర్రదీపం దాటిపోయి ఒక స్త్రీ కారును ఢీకొన్నది. ఆ వ్యాజ్యంలో 1993 డిసెంబరులో న్యాయసభ్యులు దాదాపు 8 కోట్ల డాలర్ల పరిహారం నిర్ణయించారు. ఆ తీర్పు వచ్చిన కొద్ది రోజులలోనే కంపెనీ ఆ హామీని అమెరికాలో రద్దు చేసినది. నిముషాల లెక్క కాగితం మీద వ్రాయడం తేలిక. వీధిలో దానిని మోయవలసినవాడు మాత్రం మనిషి.

గొలుసు అంగడికి మరొక గుణం, మరొక దోషం ఒకే మూలం నుండి వస్తవి. తప్పు జరిగితే అన్ని చోట్లా ఒకేసారి జరుగుతుంది; దిద్దుకొంటే అన్ని చోట్లా ఒకేసారి దిద్దుకొంటుంది. తమ పిజ్జా అంచు అట్టముక్కలాగా వున్నదని జనం అన్న మాటలను 2009 చివర డామినోస్ తన ప్రకటనలలో తానే చూపినది. పిండి, గుజ్జు, చీజు మూడింటినీ మార్చినది. తప్పు ఒప్పుకొన్న వర్తకునికి గిరాకీ పెరగడం అరుదైన విషయమే గాని ఇక్కడ అట్లే జరిగినది. ఊరి అంగడిలో ఇట్టి దిద్దుబాటు ఒక్క యజమాని మనసు మీద ఆధారపడి ఉంటుంది. అతడు వింటే మరునాడే మారుతుంది. వినకపోతే అతని జన్మలో మారదు.

ఊరి అంగడి అయినంత మాత్రాన అంతా మంచిదే అనుకోవడం పొరపాటు. నిన్న బాగున్నది ఈనాడు బాగుండకపోవచ్చును. పెద్దాయన జబ్బుపడితే దుకాణం మూతపడుతుంది. పిల్లలు వేరు ఉద్యోగాలకు పోతే విద్య ఆయనతోనే పోతుంది. అమెరికాలోని చిన్న దుకాణాలు అనేకం పిండి, టమాటా డబ్బాలు, చీజు పెద్ద టోకు వర్తకుల నుండే కొంటవి. అంతెందుకు, డెన్వర్ నగరంలో 1950లో చిన్నగా మొదలైన లెప్రినో అనే కుటుంబ సంస్థ ఈనాడు ప్రపంచంలో అందరికంటె ఎక్కువ మొజరెల్లా తయారుచేసే సంస్థ అయినది. పెద్ద గొలుసు అంగళ్ళకు చీజు ఎక్కువగా వెళ్ళేది అక్కడి నుండే. చిన్నది మంచిది, పెద్దది చెడ్డది అనే తేలిక లెక్క ఇక్కడ కుదరదు.

మరి భేదం ఎక్కడ వున్నది? నా దృష్టిలో అది రెండు ప్రశ్నలలో వున్నది. మొదటిది: సొమ్ము ఎటు పోతుంది? రెండవది: నిర్ణయం ఎవరి చేతిలో వున్నది?

సొమ్ము సంగతి చూద్దాం. అమెరికాలోని డామినోస్ దుకాణాలలో బహుభాగం కంపెనీవి కావు. ఫ్రాంచైజీ అనే ఒప్పందం మీద ఆయా ఊళ్ళవారు సొంత పెట్టుబడితో నడుపుతారు. వారిలో అత్యధికులు ఒకప్పుడు అదే కంపెనీ దుకాణాలలో పిజ్జాలు చేసినవారో, చేరవేసినవారో కావడం విశేషం. ఆ విధంగా చూస్తే అది కూడా ఊరివాడి దుకాణమే. అయితే ఆ యజమాని కంపెనీ పేరు వాడుకొన్నందుకు అమ్మకం మీద 5.5 శాతం రాయల్టీ చెల్లిస్తాడు. ప్రకటనల నిధికి మరొక 6 శాతం ఇస్తాడు. అంటే 100 డాలర్లు అమ్మితే సుమారు 11, 12 డాలర్లు ముందుగానే ఊరు దాటుతవి. ఇది లాభం మీద కాదు, అమ్మకం మీద అని గమనించాలి. ఆ నెల నష్టం వచ్చినా చెల్లింపు తప్పదు. దీనికి ప్రతిఫలంగా అతనికి నిలకడైన సరఫరా, దేశమంతటా తెలిసిన పేరు లభిస్తవి. సరఫరా కేంద్రాల లాభంలో కొంత భాగం తిరిగి దుకాణదారులకు పంచడం కూడా వున్నది. ఊరి అంగడివాడికి ఈ చెల్లింపులు లేవు, ఈ అండ కూడా లేదు. అతనికి మిగిలినది చాలామట్టుకు ఆ ఊరిలోనే ఖర్చవుతుంది.

అయితే ఇటీవల ఊరి అంగడికి కూడా కొత్త కప్పం తయారైనది. ఫోను మీద వచ్చిన కోరికలను అందుకొని భోజనం ఇంటికి చేర్చే సంస్థలు బిల్లులో 30 శాతం దాకా తీసుకొంటున్నవి. కోవిడు మహమ్మారి వచ్చిన 2020లో న్యూయార్కు నగరపాలకులు ఈ చేరవేత రుసుము 15 శాతం మించరాదని చట్టం చేయవలసి వచ్చినది. గొలుసు అంగడి నుండి తప్పించుకొన్నామనుకొన్న చిన్నవాడు మరొక గొలుసుకు చిక్కడం ఇక్కడ చూస్తాము.

ఇక రెండవ ప్రశ్న, నిర్ణయం. శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో జాంటే అనే ఇటాలియన్ పిజ్జా దుకాణాన్ని 1986లో ఒక పంజాబీ వలసదారుడు కొన్నాడు. టమాటా గుజ్జుకు బదులు పాలకూర వేసి, తందూరీ కోడి ముక్కలు, అల్లం, వెల్లుల్లి, కొత్తిమీర చేర్చి ఒక కొత్త పిజ్జా చేశాడు. ఎవరి అనుమతీ అడగలేదు. ఆ రుచి ఆ ప్రాంతమంతటా పాకినది. అక్కడ ఉద్యోగాలు చేసుకొంటున్న మన తెలుగు కుటుంబాలకు కూడా పరిచయమైనది. గొలుసు అంగడిలో పొయ్యి దగ్గరి మనిషికి ఇట్టి ఊహ తట్టినా దానిని రొట్టె మీద పెట్టే అధికారం లేదు. గొలుసు అంగళ్ళు కొత్త రుచులు చేయవని కాదు, తప్పక చేస్తవి. కాని ఆ నిర్ణయం ఎక్కడో కార్యాలయంలో జరిగి పైనుండి కిందికి వస్తుంది. ఊరి అంగడిలో అది పొయ్యి దగ్గర పుట్టి బయటికి పోతుంది.

మిలాన్ కథ ఇప్పుడు విప్పి చూడవచ్చును. అక్కడ మంచి పిజ్జా దొరకడం కష్టం కాదు, మోసపోతామనే భయమూ లేదు. కొత్తగా వచ్చిన కంపెనీ ఇవ్వగలిగినది ఒక్కటే: క్రమబద్ధంగా ఇంటికి చేర్చే ఏర్పాటు. మహమ్మారి రోజులలో వీధి దుకాణాలు కూడా చేరవేత సంస్థలతో ఒప్పందాలు చేసుకొని ఇంటింటికీ పంపడం ప్రారంభించినవి. దానితో ఆ ఒక్క ఆధిక్యమూ పోయినది. తాత దగ్గుతూనే ఉన్నాడు. నేర్పవచ్చినవాడు ఇంటిదారి పట్టాడు.

మన దేశంలో కథ వేరు. 1996 జనవరిలో ఢిల్లీలో మొదటి డామినోస్, అదే సంవత్సరం జూన్‌లో బెంగుళూరులో మొదటి పిజ్జా హట్ తెరచారు. మన ఊళ్ళలో ఇడ్లీ పొయ్యి వున్నది, దోసెల పెనం వున్నది. పిజ్జా పొయ్యి లేదు. పోల్చి చూడడానికి తాత లేడు. మనలో చాలామందికి పిజ్జా అంటే ఇదీ అని నేర్పిన మొదటి గురువు గొలుసు అంగడే. పనీరు, మసాలా చేర్చి మన నాలుకకు తగినట్లు మలచినది కూడా అదే. పిల్లల పుట్టినరోజుకు పిజ్జా తెప్పించే ఇల్లు ఈనాడు హైదరాబాదులోనే కాదు, జిల్లా కేంద్రాలలో కూడా వున్నది.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా మరువరాదు. అమెరికాలో బోర్డు కంపెనీది, దుకాణం ఊరివాడిది. భారతదేశంలో డామినోస్ హక్కులు జుబిలెంట్ ఫుడ్‌వర్క్స్ అనే ఒకే సంస్థకు వున్నవి. దుకాణాలను ఆ సంస్థయే నడుపుతుంది. అంటే మన పట్టణంలోని దుకాణం అధికారి జీతగాడే గాని యజమాని కాడు. పిజ్జా చేరవేసే కుర్రవాడు పది సంవత్సరాల తరువాత అట్టి దుకాణానికి సొంతదారుడయ్యే మెట్టు, అమెరికాలో వున్నది, ఇక్కడ లేదు. ఒకే బోర్డు, ఒకే పెట్టె, ఒకే వాసన. లోపలి బతుకు మాత్రం వేరు. ఉద్యోగం దొరకడం చిన్న విషయమని నేననను. ఎందరో యువకుల ఇళ్ళు దానిమీద గడుస్తున్నవి. అయితే వారు నేర్చుకొనేది కంపెనీ పద్ధతిని. ఉద్యోగం మానిన నాడు పిండి కలిపే విద్య వెంట రాదు. ఆ విద్య ఆ దుకాణంలో ఎన్నడూ లేదు.

ఈ పదేళ్ళలో హైదరాబాదు వంటి నగరాలలో కట్టెల పొయ్యి పెట్టి, తామే పిండి పొంగించి పిజ్జా చేసే చిన్న దుకాణాలు బయలుదేరినవి. గొలుసు అంగడి కల్పించిన అలవాటు మీదనే ఇవి నిలిచినవి. అంటే గొలుసు అంగడి ఒకచోట విద్యను తొలగిస్తే మరొకచోట దానికి గిరాకీ కూడా తెస్తున్నది. న్యూ హేవెన్‌లో దీనికి ఎదురుకథ నడచినది. ఎనభై ఏళ్ళు ఒక్క ఊరికే పరిమితమైన ఫ్రాంక్ పెపె దుకాణం 2006 నుండి ఇతర పట్టణాలలో శాఖలు తెరచినది. తమ పాత బొగ్గు పొయ్యి నమూనానే కొత్త చోట్ల కట్టుకొన్నది. చిన్నది గొలుసు కావచ్చును. కాని పొయ్యిని వెంట తీసుకొనిపోయినదా, వదలి పోయినదా అన్నదే పరీక్ష.

ఈ పరీక్ష మన ఫలహారశాలలకు కూడా వస్తున్నది. వీధి మొగలో తెల్లవారుజామున పొయ్యి వెలిగించే ఇడ్లీ దుకాణం పక్కన, పది నగరాలలో శాఖలున్న అద్దాల హోటలు లేస్తున్నది. ఎక్కడో కలిపిన పిండి, ఎక్కడో పట్టిన చట్నీ పొడి బండిలో వచ్చి దిగుతున్నవి. శుభ్రత, నిలకడ, కూర్చొనే చోటు దాని బలం. వాటిని కాదనలేము; వీధి దుకాణంవారు ఆ మూడూ నేర్చుకోక తప్పదు. కాని నేపుల్సు చేసిన పని ఒకటి మనం కూడా చేయవచ్చును. వారు తమ పొయ్యిని దాచిపెట్టి కాపాడుకోలేదు. పిండి ఎట్లా కలపాలో, ఎంత వేడిలో కాల్చాలో నియమాలు వ్రాసుకొని, శిష్యులకు నేర్పి, 1984లో సంఘంగా ఏర్పడి కాపాడుకొన్నారు. కొలత వ్రాసుకొన్నారు, చేతిని వదలుకోలేదు. గొలుసు అంగడి నుండి నేర్వదగినది, దానికి ఇవ్వరానిది రెండూ ఈ ఒక్క మాటలో వున్నవి.

శ్రోతలు ఈసారి ఇంటికి పిజ్జా తెప్పించుకొన్నప్పుడో, వీధి దుకాణంలో దోసె తిన్నప్పుడో కొన్ని ప్రశ్నలు వేసుకోవలసిందని మనవి. ఈ పిండి ఎక్కడ కలిపారు? రుచి బాగులేదంటే వినే మనిషి ఇక్కడే ఉన్నాడా? నేనిచ్చిన సొమ్ములో ఈ ఊరిలో మిగిలేదెంత? ఇక్కడ మూడేళ్ళు పనిచేసిన కుర్రవాడు రేపు సొంతంగా పొయ్యి వెలిగించగలడా? సమాధానాలు అన్నిసార్లూ ఒక్క పక్షానికే అనుకూలంగా ఉండవు. తొందరగా ఉన్న రోజున గొలుసు అంగడే అక్కరకు వస్తుంది, అందులో తప్పు లేదు. కాని తీరిక వున్న రోజున పొయ్యి దగ్గర నిలుచున్న మనిషిని వెదకుకొంటూ నాలుగు అడుగులు నడవండి. మిలాన్ వీధులలో ఆ పొయ్యిలు నేటికీ వెలుగుతున్నవంటే, ఆ ఊరివారు ఆ నాలుగు అడుగులూ నడచినందువల్లనే.